దొరసానికి రెఫరెన్స్

కేశవరావు బూట్లు విప్పలేదు.

పద్నాలుగేళ్ళుగా వచ్చిపోతున్న ఇల్లు. గుమ్మంలో అడుగు పెట్టగానే బూట్లు విప్పి గోడవార పెట్టి, "చెల్లెమ్మా, కాఫీ పెట్టావా?" అని కేకేస్తూ వంటింటిదాకా వెళ్ళిపోయే మనిషి. ఆ శనివారం పొద్దున తొమ్మిదింటికి మాత్రం మంచు అంటుకున్న బూట్లతోనే హాల్లోకి వచ్చి కార్పెట్ మధ్యన నిలబడ్డాడు. చేతిలో సిటీ వాళ్ళ నోటీసు.

"చదవండి మేడమ్," అన్నాడు.

నోటీసు సంగతి తర్వాత, ఆ 'మేడమ్' అన్న పిలుపుకే బాలత్రిపురసుందరి గుండె గతుక్కుమంది.

"కూర్చోండి అన్నయ్యా. కాఫీ..."

"కాఫీకి రాలా. చదవమంటున్నా."

చదవక్కర్లేదు. అదే కాగితం నిన్న సాయంత్రం కెనడాలోని ఈ కేంబ్రిడ్జ్ ఊళ్ళో ముప్పై ఒక్క ఇళ్ళ తలుపులకి అంటించారు. అందులో సుందరి ఇల్లూ ఉంది. బేస్‌మెంట్‌లో మనుషులు ఉండటానికి అనుమతి లేదు, మంటలొస్తే మనిషి దూరి బయటపడేంత కిటికీ లేదు, పద్నాలుగు రోజుల తర్వాత అక్కడెవరూ నిద్రపోకూడదు. సారాంశం అంతే. ఆ ముప్పై ఒక్క బేస్‌మెంట్లలో యాభై ఎనిమిది మంది పిల్లలున్నారు. కరీంనగర్ నించీ, కర్నూలు నించీ, కాకినాడ నించీ చదువులకి వచ్చిన పిల్లలు.

"మా తలుపుకీ అంటించారన్నయ్యా," అంది.

"అంటిస్తారు, ఎందుకంటించరు? పోయినేడు దీపావళికి స్కూలు జిమ్‌లో మైకు పట్టుకుని ఏం చెప్పావు? 'పిల్లలు కార్లలో పడుకుంటున్నారు, మన బేస్‌మెంట్లు ఖాళీగా ఉన్నాయి, తలా ఇద్దర్ని పెట్టుకోండి, పర్మిషన్లు మా లాంటర్న్ హౌస్ చూసుకుంటుంది, నాదీ మాట' అన్నావా లేదా?"

"అన్నాను."

"ఆ మాటకి గదా మేం తలూపింది! మీ దొరసానిని చూసి ఊపామా? ఆమె పేరు పలకాలంటే మా ఆవిడ లక్ష్మీకాంతానికి నోరు తిరగదు." కేశవరావు గొంతు పెరిగింది. "మంగళవారం మా ఇంట్లో కుర్రాడు పూరీలకని నూనె పెట్టి ఫోన్లో పడ్డాడు. పొగ, అలారం, ఫైరింజన్. సరే, వచ్చినాయన మర్యాదగానే అడిగాడు, ఏ కాగితం మీద వీళ్ళని పెట్టుకున్నారని. నేను గర్వంగా తెచ్చి చూపించా. 'అనుమతులన్నీ సంస్థ తీసుకుంది' అని రాసి, కింద నీ సంతకం! ఆయన ఆఫీసుకి ఫోన్ కొట్టి కనుక్కుంటే మీ సంస్థ పేరున ఒక్క అప్లికేషన్ లేదంట. ఒక్కటంటే ఒక్కటి!"

కేశవరావు ఆగలేదు.

"కిటికీ పెద్దది చేయిద్దామని మనిషిని పిలిచా. నేల గడ్డకట్టింది, ఏప్రిల్ దాకా తవ్వడం కుదరదన్నాడు. ఆ కుర్రాడి నాన్న రోజూ ఫోన్ చేసి, 'మీరున్నారన్న ధైర్యం బాబాయ్ గారూ' అంటాడు. ఇవాళ ఏం చెప్పమంటావు ఆయనకి?"

బేస్‌మెంట్ మెట్ల తలుపు దగ్గర మృదుల నిలబడి ఉంది. సుందరి ఇంట్లో కింద ఉండే పిల్ల. టిఫిన్ డబ్బా చేత్తో పట్టుకుని, పైకి రావాలో కిందికి పోవాలో తెలీక అక్కడే ఆగిపోయింది. కేశవరావు ఆ పిల్లని చూసి గొంతు తగ్గించాడు.

"నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయని మా అమ్మ అనేది. ఇవాళ తెలిసొచ్చింది," అన్నాడు. తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరక్కుండానే, "కొన్నాళ్ళు మా ఇంటికి రాకు. లక్ష్మీకాంతం చెప్పమంది," అని వెళ్ళిపోయాడు.

కార్పెట్ మీద బూట్ల తడి ఆరు చోట్ల నల్లగా మిగిలింది.

*

ఆంజనేయప్రసాద్ వంటింట్లోంచి గుడ్డ తెచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని ఆ తడి అద్దడం మొదలుపెట్టాడు. పెళ్ళాం మొహంలోకి చూడలేదు.

"అంతసేపూ లోపలే ఉన్నారుగా. ఒక్క మాట మాట్లాడకూడదా?"

"నేనేం మాట్లాడను? సంతకం నీదేగా."

నిజమే, సంతకం తనదే. అదీ అసలు మంట. నిన్న మధ్యాహ్నం లాంటర్న్ హౌస్ బోర్డు మీటింగ్‌లో సీఈఓ రోజలిండ్ హార్‌గ్రీవ్ రిపోర్ట్ చదివినప్పుడు కూడా ఇదే మాట మెత్తటి ఇంగ్లీషులో వినబడింది. 'బేస్‌మెంట్ పథకం ఆలోచన, అమలు, కుటుంబాలకిచ్చిన హామీలు పూర్తిగా డిప్యూటీ డైరెక్టర్ బాలత్రిపురసుందరివి. అనుమతులు లేవన్న సంగతి సీఈఓ దృష్టికి రాలేదు.' టేబుల్ చుట్టూ ఉన్న తొమ్మిది మొహాలూ సుందరి వైపు తిరిగాయి. ఆమె నోరు తెరిచేలోగా రోజలిండ్ తరువాతి అంశానికి వెళ్ళిపోయింది. తరువాతి అంశం, సంస్థ వదిలి వెళ్తున్న ఆవిడకి వీడ్కోలు విందు.

ఈ దొరసాని రోజలిండ్ మామూలు మనిషి కాదు. ఇంగ్లండ్‌లో ఉత్తరాన ఒక ఊరి కౌన్సిల్లో ఇళ్ళ శాఖ చూసింది. అక్కణ్ణించి ఒక పెద్ద ఆసుపత్రికి సీఈఓ అయింది. తరువాత జైలునించి విడుదలైనవాళ్ళకి ఆసరా ఇచ్చే ఛారిటీ, ఆ తరువాత చూపులేనివాళ్ళ సంస్థ, కోవిడ్ రోజుల్లో సముద్రం దాటి కెనడాలో ఈ లాంటర్న్ హౌస్. కొత్తగా దేశంలో దిగినవాళ్ళని ఆదుకునే ఛారిటీకి ఇంతకన్నా ఏం కావాలని అందరూ మురిసిపోయారు. ఎక్కడా మూడేళ్ళు దాటలేదన్నది అప్పుడెవరికీ తప్పుగా తోచలేదు. చురుకైన మనిషి, ఒకచోట నిలవదనుకున్నారు.

ఆఫీసులో తక్కినవాళ్ళంతా సుందరిని 'సన్నీ' అనేవాళ్ళు. అంతకుముందు పనిచేసిన న్యూజెర్సీలోనూ సన్నీయే. రోజలిండ్ మాత్రం మొదటి వారమే ఒక కాగితం మీద రాసుకుని, నేర్చుకుని, 'బాలత్రిపురసుందరి' అని ఒక్క అక్షరం తప్పకుండా పిలిచింది. ఇరవై ఏళ్ళలో ఆ పేరు పూర్తిగా పలికిన మొదటి తెల్లావిడ. ఆరోజు సుందరి ఇంటికొచ్చి మొగుడికి చెప్పి చెప్పి మురిసింది. పిచ్చిది!

రోజలిండ్‌కి ఆఫీసు గదిలో మీటింగులు గిట్టవు. నది గట్టున నడుస్తూ మాట్లాడేది. అక్కడే చెప్పింది, "సిటీతో నేను మాట్లాడాను. ఇళ్ళన్నిటికీ కలిపి సంస్థ పేరున ఒకటే అప్లికేషన్. అది నాకొదిలేయండి." కాగితం చూపించమని అడగాలని సుందరికి ఒకసారి నాలుక చివరిదాకా వచ్చింది. అడిగితే అనుమానించినట్టుంటుందని మింగేసింది. మన ఆడవాళ్ళకి ఉన్న జబ్బే ఇది, పెద్దమనిషిని రుజువడగడం మర్యాద కాదనుకోవడం.

తీరా కుటుంబాలకిచ్చే కాగితాలు తయారైనప్పుడు, "పని చేసింది మీరు. పేరు నాకెందుకు? మీ పేరే పెట్టండి, పూర్తి పేరు," అంది రోజలిండ్. బతుకంతా పని చేసేది ఒకరు, దండ వేయించుకునేది ఇంకొకరు అయిన ఆఫీసుల్లోనే గడిచింది సుందరికి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ముప్పై ఒక్క కాగితాల మీద ముత్యాల్లాంటి అక్షరాలతో పూర్తి పేరు రాసి సంతకం పెట్టింది.

"ఆవిడ ఏరు దాటి తెప్ప తగలేసిందండీ," అంది ఇప్పుడు. "తెప్పలో నన్నూ ఆ పిల్లల్నీ ఉంచి మరీ తగలేసింది."

ప్రసాద్ గుడ్డ పిండటానికి లేచాడు. ఏదో అనబోయి ఆగిపోయాడు. అప్పుడే కాలింగ్ బెల్ మోగింది.

*

గుమ్మంలో రోజలిండ్.

అరవై ఏళ్ళ మనిషి, పొట్టిగా కత్తిరించిన తెల్లజుట్టు, మెడలో ఎప్పుడూ ఉండే నీలం స్కార్ఫ్, చేతిలో బిస్కెట్ల డబ్బా. వంగి ఓపిగ్గా బూట్ల లేసులు విప్పి, రెండూ జతగా గోడవార పెట్టి, మేజోళ్ళతో లోపలికి వచ్చింది. "నమస్కారం ప్రసాద్ గారూ," అంది. ఆ రెండు ముక్కలే వచ్చు ఆవిడకి తెలుగు.

ఆప్తుడు బూట్లతో వచ్చి వెళ్ళాడు. ఈవిడ ఎంత పద్ధతిగా విప్పిందో! సుందరికి ఒళ్ళు మండిపోయింది.

"నిన్న మిమ్మల్ని అలా వదిలి రావాల్సింది కాదు," అని ఇంగ్లీషులో మొదలుపెట్టింది రోజలిండ్. "కూర్చోవచ్చా?"

"కూర్చోండి."

"మీరు నా మీద కోపంగా ఉన్నారు."

"అప్లికేషన్ వేశారా రోజలిండ్? ఒక్క మాట. వేశారా, లేదా?"

రోజలిండ్ బిస్కెట్ల డబ్బా మూతని వేలితో తట్టింది. "వేద్దామనే అనుకున్నాను. అడిగితే కాదనేవాళ్ళు. కాదంటే పథకమే ఉండేది కాదు. యాభై ఎనిమిది మందికి ఒక ఏడాది పైకప్పు దొరికింది, అది మరిచిపోకండి. పని ఇలాగే జరుగుతుంది బాలత్రిపురసుందరీ. ముందు చెయ్యడం, తరువాత సర్దుకోవడం."

"సర్దుకోవాల్సింది నేనా?"

ఆవిడ సంచీలోంచి ఒక కాగితం తీసి టేబుల్ మీద పెట్టి, సుందరి వైపు తిప్పింది.

"నా చివరి రిపోర్ట్‌కి సవరణ. తప్పు సంస్థది, వ్యక్తిది కాదని రాశాను. అనుమతుల బాధ్యత డిప్యూటీది కాదనీ రాశాను. చదవండి, బాగానే ఉంటుంది. సోమవారం సంతకం పెట్టి బోర్డుకి పంపుతాను."

సుందరి చదివింది. బాగానే ఉంది. నాలుగు పేరాల్లో ఆమె మీద పడ్డ మట్టంతా కడిగేసినట్టు ఉంది. కింద సంతకం ఉండాల్సిన చోట మాత్రం ఖాళీ.

"సోమవారమే ఎందుకు? ఇప్పుడు పెట్టొచ్చుగా. పెన్నిస్తాను."

"రెజైనా వాళ్ళ నిర్ణయం కూడా సోమవారమే." రోజలిండ్ గొంతులో ఎక్కడా తొట్రుపాటు లేదు. పడమటివైపు ఇంకో రాష్ట్రంలో ఉన్న ఆ ఊళ్ళో ప్రభుత్వం విద్యార్థుల వసతికని కొత్త సంస్థ పెడుతోంది, దానికి అధిపతిగా చివరికి మిగిలిన పేర్లలో ఈవిడదీ ఉంది. "ఇవాళ పన్నెండింటికి వాళ్ళు మీకు ఫోన్ చేస్తారు. రెఫరెన్స్ కోసం మీ పేరిచ్చాను. మీకు అభ్యంతరం ఉండదని ప్రసాద్ గురువారమే చెప్పారు. మీతో అన్నారనుకున్నానే."

వంటింట్లో కుళాయి కింద గుడ్డ పిండుతున్న చేతులు ఆగిపోయాయి.

గురువారం. నోటీసులు రాకముందు. బోర్డు మీటింగ్‌కి ముందు రోజు.

"వస్తాను," అంది రోజలిండ్ లేచి. లేసులు మళ్ళీ ఓపిగ్గా కట్టుకుంది. "బిస్కెట్లు మృదులకి. పాపం, పరీక్షలు కదా."

*

తలుపు మూసుకున్నాక ప్రసాదే నోరు విప్పాడు.

"గురువారం ఫోన్ చేసింది. ఇలా ఇలా రిపోర్ట్ వెళ్తోంది, కంగారు పడొద్దు, సవరణ కూడా రాస్తున్నానంది. నువ్వు రెఫరెన్స్ ఇస్తావా అని అడిగింది. ఇస్తుందన్నాను."

"నాకు తెలీకుండా."

"నీకు చెప్తే గొడవ పెట్టుకుంటావు. ఉన్న ఒక్క దారీ మూసుకుంటుంది."

"నిన్న ఆ గదిలోకి నేను నవ్వుకుంటూ వెళ్ళానండీ! వీడ్కోలు విందుకి గులాబ్‌జామూన్లు నేను చేస్తానని చెప్పబోయాను. మీకన్నీ తెలుసు. పొద్దున నాకు టై సరిచేయమని ఇచ్చారు, కారు దాకా వచ్చి టాటా చెప్పారు. ఒక్క మాట అనలేకపోయారు?"

"నీ పేరు నిలబడాలనే చేశాను సుందరీ. ఈ దేశంలో ఒక పేరు సంపాదించడానికి మనకి ఎన్నేళ్ళు పట్టింది? రేపు లాయర్లు వస్తారు, పేపర్లో వేస్తారు. ఆ కాగితం మీద సంతకం పడితే అవేవీ ఉండవు. రెండు నిమిషాల ఫోను. మంచిది, కష్టపడుతుంది, అంతే కదా చెప్పాల్సింది? ఒకరి నోటికాడ కూడు తీస్తామా ఏంటి మనం?"

"ఆవిడ నోటికాడ కూడు! మరి మృదులకి?"

"మృదులకి నువ్వు అబద్ధం చెప్పకపోతే ఇల్లొస్తుందా? చెప్పు! నిజం చెప్తే కేశవరావు కిటికీ పెద్దదవుతుందా?"

కాదు. అది సుందరికీ తెలుసు. అడకత్తెరలో పోకచెక్క అంటారే, అలాగుంది. ఆవిడ గురించి మంచి చెప్తే కాగితం మీద తన పేరు తేటపడుతుంది. నిజం చెప్తే ఆ కాగితం సోమవారం చెత్తబుట్టలోకి పోతుంది, ముప్పై ఒక్క సంతకాలూ మెడకి చుట్టుకుంటాయి.

"నా మాట నా అనుమతి లేకుండా ఇవ్వడానికి మీరెవరు?" అంది చివరికి, చాలా నెమ్మదిగా.

ప్రసాద్ మొహం ఎర్రబడింది. "మొగుణ్ణి," అన్నాడు.

సుందరి మేడెక్కి గది తలుపేసుకుంది.

*

మంచం పక్క సొరుగులో పాత నోట్‌బుక్ ఉంది. 2021 జనవరిలో సీఈఓ ఎంపిక కమిటీలో ఉద్యోగుల తరఫున సుందరి కూర్చుంది. పాత చోట ఫోన్ చేసి రెఫరెన్స్ కనుక్కునే పని ఆమెకే పడింది. నోట్‌బుక్‌లో వరసగా ప్రశ్నలు, జవాబులు. చివరి ప్రశ్న: మళ్ళీ అవకాశం వస్తే ఈమెతో పనిచేస్తారా? జవాబు: తప్పకుండా. పైన ఒక పేరు, అలిసన్. చూపులేనివాళ్ళ సంస్థలో డిప్యూటీ. పక్కనే నంబరు.

ఆనాటి ఫోన్‌లో నోట్‌బుక్‌లోకి ఎక్కనిది ఒకటుంది. చివరి ప్రశ్న అడగ్గానే అవతల చాలాసేపు నిశ్శబ్దం. సముద్రం అవతలి లైను కదా, కట్ అయిందేమోననుకుంది సుందరి.

ఇంగ్లండ్‌లో మధ్యాహ్నం దాటి ఉంటుంది. నంబరు నొక్కింది.

అలిసన్ గొంతు ముసలిదైంది. సుందరి తన పేరు, ఊరు చెప్పింది. రోజలిండ్ అన్న పేరు వినగానే అవతల అదే నిశ్శబ్దం.

"ఉత్తరం చూపించిందా?" అని అడిగింది అలిసన్.

"చూపించింది. సంతకం సోమవారం అంది."

"పెడుతుంది, సందేహించకండి. నాకూ పెట్టింది. ఆ విషయంలో ఆవిడ మాట తప్పదు." అలిసన్ ఊపిరి తీసుకుంది. "మా దగ్గర చూపులేని పన్నెండు మంది ముసలివాళ్ళుండే ఇల్లు మూతపడింది. కాగితాలన్నిటి మీదా నా పేరే. పేరు పెట్టమన్నప్పుడు ఎంత సంతోషించానో! తరువాత ఉత్తరంతో నా మీద మచ్చ పోయింది. ఇప్పుడా ఉత్తరం డ్రాయర్లో ఉంది. ఆ డ్రాయర్ నేను తెరవను."

"నేను ఫోన్ చేసిన రోజు..."

"మీరు ఫోన్ చేసే నాటికి ఇంకా సంతకం పడలేదు."

సుందరి ఒళ్ళోని నోట్‌బుక్ మూసింది.

"మీరు 'లైన్ కట్ అయిందా' అని అడిగారు, గుర్తుందా?" అంది అలిసన్. "అవును, వినబడటం లేదని పెట్టేద్దామనుకున్నాను. పెట్టేసినా బాగుండేది. నాకు ముందు జైలు ఛారిటీలో ఒకతను ఉండేవాడు. అతనికి ఫోన్ చేసి అడిగింది నేనే. అతనూ అలాగే ఆగాడు. నేనూ తప్పు లైను మీదకే తోసేశాను. నన్ను క్షమించమని అడగను. అడిగే హక్కు లేదు."

తిడదామని ఫోన్ చేసిన సుందరికి తిట్టు రాలేదు. తిలా పాపం తలా పిడికెడు. ఒకరి పేరు కాపాడుకోవడానికి ఒకరు ఆవిణ్ణి పక్క ఊరికి సాగనంపారు. కౌన్సిల్ వాళ్ళు ఆసుపత్రికి, ఆసుపత్రి వాళ్ళు ఛారిటీకి. అలిసన్ తన మీదికి పంపింది. ఇప్పుడు తన వంతు.

*

పన్నెండుకి పది నిమిషాలుందనగా సుందరి కిందికి దిగింది. మృదుల బేస్‌మెంట్ మెట్ల మీద కూర్చుని పుస్తకాలు అట్టపెట్టెలో సర్దుతోంది. గోదాములో రాత్రి షిఫ్ట్ చేసి వచ్చింది, కళ్ళు వాచి ఉన్నాయి.

"ఇప్పుడే సర్దడమెందుకే? ఇంకా పద్నాలుగు రోజులుంది."

"మెల్లగ సర్దుకుంటే మంచిదిగద ఆంటీ. పక్క ఊరు కిచెనర్‌ల మా ఫ్రెండ్స్ ఒక రూమ్‌ల ఆరుగురున్నరు. నన్ను గూడ రమ్మన్నరు." పెట్టె మూత మడుస్తూ అంది. "మీరు ఫీల్ గాకండి. మా అమ్మకి ఇంక చెప్పలే."

"ఏం చెప్పలేదు?"

"ఇల్లు పోతుందని. మీ ఫోటో పంపిన గద అప్పుడు, ఈమె ఇంట్ల ఉంటున్న, భయం లేదు అని. మా అమ్మ ఫోన్ల పెట్టుకుంది మీ ఫోటో." కాసేపు ఆగి, తలెత్తకుండానే అడిగింది. "ఆంటీ, నిజంగ మీకు తెల్వదా? అప్లై చెయ్యలేదని?"

ముప్పై ఒక్క ఇళ్ళవాళ్ళలో ఎవరూ అడగని ప్రశ్న. అందరూ తెలుసనే అనుకున్నారు.

"తెలీదమ్మా. కానీ చూశానని సంతకం పెట్టాను. చూడలేదు."

మృదుల తల ఊపింది. నమ్మిందో లేదో ఆ మొహంలో కనబడలేదు.

హాల్లో ఫోన్ మోగింది.

ప్రసాద్ అప్పటికే సోఫాలో కూర్చుని ఉన్నాడు. రోజలిండ్ కాగితం అతని ఒళ్ళో ఉంది. సుందరి ఫోన్ తీస్తుంటే రెండు చేతులూ జోడించాడు. పెళ్ళయిన ముప్పై ఏళ్ళలో అతను పెళ్ళానికి దణ్ణం పెట్టడం అదే మొదటిసారి.

"హలో, రెజైనా నుంచి మాట్లాడుతున్నాను. సెలెక్షన్ కమిటీ తరఫున. నా పేరు కనకదుర్గ." ఇంగ్లీషులో గడగడా చెప్పి, ఒక్క క్షణం ఆగి, ఆవిడే తెలుగులోకి దిగింది. "మీ పేరు చూసి అడుగుతున్నానండీ, మీరూ మనవాళ్ళేనా?"

"అవునమ్మా. కాకినాడ."

"అయ్యో, మాది భీమవరం అండీ! భలే. అయితే తెలుగులోనే అడిగేస్తాను, ఫారమ్‌లో ఇంగ్లీషులో నింపుకుంటాను." వరసగా అడిగింది. ఎన్నాళ్ళు పనిచేశారు, ఏం పని, సమయానికి వస్తుందా, అందరితో ఎలా ఉంటుంది. సుందరి ఒక్కో ముక్కలో జవాబు చెప్పింది. అవి అబద్ధాలు కావు. రోజలిండ్ సమయానికే వచ్చేది. అందరితోనూ బాగానే ఉండేది.

ప్రసాద్ జోడించిన చేతులు కొంచెం కిందికి దిగాయి.

"ఇక్కడ కూడా మీ దగ్గర్లాగే బేస్‌మెంట్ల పథకం పెడదామన్నారండీ ఆవిడ," అంది కనకదుర్గ ఉత్సాహంగా. "ఇక్కడ మన పిల్లలు ఎంతమంది దిగుతున్నారో! మన కుటుంబాలతో నేను మాట్లాడితే ఒప్పుకుంటారని, డిప్యూటీగా నన్నే పెట్టుకుంటానన్నారు. ఇంటర్వ్యూలో నా పేరు ఎంత చక్కగా పలికారో తెలుసా అండీ! ఇక్కడంతా నన్ను 'కెన్' అంటారు. ఆవిడ పూర్తిగా, ఒక్క అక్షరం తప్పకుండా, 'కనకదుర్గ' అన్నారు."

సుందరి కళ్ళు మూసుకుంది.

"ఆఖరి ప్రశ్నండీ. మళ్ళీ అవకాశం వస్తే ఆవిడతో పనిచేస్తారా?"

మెట్ల దగ్గర అట్టపెట్టెకి టేపు లాగుతున్న చప్పుడు వినబడుతోంది. సోఫాలో ప్రసాద్ కాగితాన్ని ఆమెకి కనబడేలా పైకెత్తి పట్టుకున్నాడు. సంతకం లేని ఖాళీ ఇంత దూరం నించి కూడా కనబడుతోంది. సుందరి నోరు తెరిచింది. మాట రాలేదు. ఎంతసేపలా గడిచిందో తెలీదు.

"హలో? మేడమ్?" అంది కనకదుర్గ. "లైన్ కట్ అయిందా అండీ?"

"లేదమ్మా," అంది సుందరి. "లైను బాగానే ఉంది. నేనే ఆగాను. ఎందుకాగానో చెప్తాను, పెన్ను తీసుకో."

ప్రసాద్ చేతులు దించేశాడు. కాగితం టేబుల్ మీద బోర్లా పెట్టి లేచాడు. గుమ్మం దగ్గర వంగి బూట్లు తొడుక్కున్నాడు, కోటు వేసుకున్నాడు. ఎక్కడికని సుందరి అడగలేదు, అతను చెప్పలేదు. తలుపు తెరుచుకుని చలిగాలి ఇంట్లోకి కొట్టి, మళ్ళీ మూసుకుంది. వాకిట్లో కారు స్టార్ట్ అయిన చప్పుడు వినబడింది.

"తీసుకున్నానండీ," అంది కనకదుర్గ. ఆ గొంతులో ఉత్సాహం తగ్గింది. "చెప్పండి."

"అన్నిటికన్నా ముందు ఇది రాసుకో," అంది సుందరి. "ఆవిడ పెట్టమన్న చోట నీ పేరు పెట్టకు."